వేడెక్కితే ఆగిపోయే బండి

పోయిన వారం మనం కథ ఆపేసరికి, ఒక ఆకుపచ్చ కారు తాడు కట్టించుకుని షెడ్డు గేటులోకి వచ్చింది. స్టీరింగు ముందు ఎవరో కొత్త ఆవిడ ఉంది. ఇంకో కారు కింద పడుకుని పనిచేసుకుంటున్న చిన్నమేస్త్రి చక్రాలు చూసి, రంగు చూసి, ఉన్న చోటే ఉండిపోయింది.

ఆ కారు ఆ గేటు దాటి వెళ్ళి ఏళ్ళు గడిచాయి. చిన్న కారు ఒంట్లో పెద్ద కారు ఇంజను పెట్టి దాన్ని కట్టింది ఇద్దరు. ఒకరు చిన్నమేస్త్రి. రెండోవాడు ఆమె తండ్రి పెద్దమేస్త్రి దగ్గర పని నేర్చుకున్న మనిషి. నడుస్తున్న ఇంజను పక్కన నిలబడి, ఏ వాల్వు బిగుసుకుందో ఏ సిలిండరు బద్ధకిస్తోందో విని చెప్పేసేవాడు. అందుకని పెద్దమేస్త్రే అతనికి పాముచెవి అని పేరు పెట్టాడు. తర్వాత అదే పెద్దమేస్త్రి, "కంపెనీవాడు కట్టిన బండిని కోసి కుట్టేవాణ్ణి మెకానిక్కు అనరు, దర్జీ అంటారు" అన్నాడు. మాటా మాటా పెరిగింది. పాముచెవి ఆ కారెక్కి వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు గేటు దగ్గర చాలాసేపు ఇంజను ఆపకుండా ఉంచాడు. చిన్నమేస్త్రి మాత్రం తండ్రి పక్కనే నిలబడింది.

ఇప్పుడామె కారు కిందనుంచి బయటికి వచ్చి, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ నిలబడింది. స్టీరింగు ముందున్నావిడ దిగింది. నలభై దాటిన మనిషి. జాకెట్టు భుజానికి గుచ్చిన గుండుసూదులు తీయడం మరిచిపోయి వచ్చినట్టుంది.

"చిన్నమేస్త్రి అంటే మీరేనా అమ్మా?"

"నేనే. బండి మీదా?"

"మావాడిది."

మావాడంటే ఈవిడకి ఏమవుతాడో చిన్నమేస్త్రి అడగాలనుకుంది. అడగాల్సింది ఒకటైతే, నోట వచ్చింది ఇంకొకటి. "ఏంటి కంప్లయింటు?"

"పొద్దున్నే చక్కగా స్టార్టవుతుంది. కాసేపు తిరిగి వేడెక్కిందా, చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది. నీడన పెట్టి చల్లారనిస్తే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవుతుంది. ఒకాయన పెట్రోలు పంపు మార్చాడు. ఇంకొకాయన బానెట్టు ఎత్తి చూసి, ఇలా అతికించిన బండ్లు నేను ముట్టనమ్మా అని దించేశాడు."

"రండి, లోపల నీడలోకి తోద్దాం."

ఇద్దరూ కలిసి కారుని తోశారు. బరువు చేతికి తెలిసింది. ఆ కారు ఎక్కడ పట్టుకుని తోస్తే తేలిగ్గా కదులుతుందో చిన్నమేస్త్రి చేతులు మరిచిపోలేదు.

బానెట్టు ఎత్తగానే ఆమె కళ్ళు నేరుగా వైర్ల మీదికి పోయాయి. అందరూ వైర్లకి టేపు చుడతారు. ఈ కారులో మైనం పట్టించిన దారంతో వేలెడు దూరానికి ఒక ముడి చొప్పున కట్టి ఉంది. రెండు ఉచ్చులు వేసి కిందనుంచి లాగే ముడి. టేపు వేడికి జారిపోతుంది, దారం జారదు అని పాముచెవికి ఆ ముడి నేర్పింది చిన్నమేస్త్రే. మొదట్లో అతనికి ఎంతకీ వచ్చేది కాదు. వేళ్ళు పట్టుకుని వేయించాల్సి వచ్చేది. ఒక్కోసారి వచ్చినా రానట్టు నటించేవాడని ఆమెకి అనుమానం. ఆ అనుమానాన్ని ఇన్నేళ్ళుగా భద్రంగా దాచుకుంది.

పాత ముళ్ళు మసిపట్టి నల్లబడ్డాయి. అవి ఇద్దరూ కలిసి వేసినవి. కానీ కుడివైపు ఒక కట్ట కొత్తది. దారం ఇంకా తెల్లగానే ఉంది. ఈ మధ్యనే విప్పి మళ్ళీ కట్టినట్టున్నారు. అక్కడా అదే ముడి.

ఆమె దాన్ని వేలితో తాకి, ఆ వేలు ఎవరైనా చూశారేమో అన్నట్టు వెనక్కి తీసుకుంది.

గుండుసూదులావిడ చూసింది. "ఆ ముడి నేను ఎక్కడా చూడలేదమ్మా. నేను టైలర్ని. ముళ్ళు నాకు తెలుసు. ఇది ఎక్కడ నేర్చుకున్నావురా అంటే చెప్పడు."

చిన్నమేస్త్రి అల్మారా వైపు నడిచింది. స్కానరు తెచ్చి తగిలించింది. తెర మీద తప్పేమీ కనబడలేదు. కనబడుతుందని ఆమె అనుకోలేదు కూడా. వేడెక్కితే ఆగేది, చల్లారితే తిరిగేది అయినప్పుడు, చల్లగా ఉన్న ఇంజన్ని ఎంత అడిగినా చెప్పదు.

"వేడెక్కనిద్దాం. ఆగినప్పుడు దగ్గరుండి చూడాలి" అంది, తాళంచెవి తిప్పుతూ.

ఇంజను అందుకుంది. ఆ చప్పుడు విని చిన్నమేస్త్రి ఒక్క క్షణం సీటు వెనక్కి వాలింది. మునుపటి గొంతే. కాకపోతే చాలా పెద్దదైంది. వెనక పొగగొట్టం మార్చినట్టున్నారు. నేల, సీటు, చేతిలోని స్టీరింగు అన్నీ అదురుతున్నాయి. పాముచెవికి పెద్ద చప్పుడు గిట్టేది కాదు. ఇంజను మాట్లాడాలి గానీ అరవకూడదు అనేవాడు. మనిషి మారిపోయాడేమో అనుకుంది. ఈవిడకి ఇలా ఇష్టమేమో అని కూడా అనుకుంది. అనుకున్నందుకు తన మీద తనకే చిరాకేసింది.

టైలరమ్మ స్టూలు మీద కూర్చుంది. చిన్నమేస్త్రి ఇంజను తిరిగే వేగం చూపించే ముల్లు మీద కళ్ళు పెట్టి, మాటవరసకి అన్నట్టు అడిగింది. "ఆయన రాలేదేం?"

"వాడికి నేను ఇక్కడికి తెచ్చిన సంగతే తెలీదు. అయినా వాడు వస్తే ఏం చెబుతాడు? ఆగాక తెలుస్తుంది గానీ, ఆగబోయే ముందు ఇంజను తడబడుతుంది చూడు, అది వాడికి తెలీదు. పక్కనుండి నేను భుజం తట్టాలి."

"తడబడితే తెలీకపోవడమేంటండీ? పక్కవీధిలో ఇంజను తడబడినా చెప్పేవాడు."

"చెవులు పోయాయమ్మా మా తమ్ముడికి."

తమ్ముడు అన్న మాట ముందు అందింది. ప్రాణం లేచొచ్చింది. లేచొచ్చిన ప్రాణానికి మిగతా మాటలు ఆ వెనకే తగిలాయి. చిన్నమేస్త్రి ఆవిడవైపు తిరిగి నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే ఇంజను ఒకసారి వణికింది, ఇంకోసారి వణికి ఆగిపోయింది. అలవాటైన కళ్ళు గనక ఆ స్థితిలోనూ ముల్లునే చూశాయి. ఇంజను ఇంకా తిరుగుతుండగానే ముల్లు సున్నాకి పడిపోయింది.

షెడ్డులో ఒక్కసారిగా నిశ్శబ్దమైంది.

"ఎప్పుడు?" అంది చిన్నమేస్త్రి.

"చలి మొదలైనప్పుడు. జ్వరం మెదడుకి పాకింది. బతుకుతాడో లేడో అనుకున్నాం. లేచి కూర్చున్నాడు. లేచాక మొదటి మాట, ఫ్యాను ఎందుకు ఆపారు అన్నాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది."

చిన్నమేస్త్రి కారు దిగింది. చేతులకి పనుంది. మీటరు తీసుకుని ఇంజను ముందుభాగం మీదికి వంగింది. అక్కడ, కింద తిరిగే పళ్ళచక్రం పక్కన, బొటనవేలంత సెన్సరు ఉంటుంది. చక్రం పళ్ళు ఒక్కొక్కటీ ముందునుంచి పోతుంటే లెక్కపెట్టి కంప్యూటరు డబ్బాకి చెప్పడం దాని పని. అది చెబితేనే డబ్బా నిప్పు రాజేస్తుంది, పెట్రోలు వదులుతుంది. అది నోరు మూసుకుంటే, డబ్బా లెక్కలో ఇంజను అసలు తిరగడమే లేదు.

మీటరు తీగలు ఆనించింది. అంకె రాలేదు. తడిగుడ్డ తెచ్చి సెన్సరు మీద కప్పి, మళ్ళీ ఆనించింది. కాసేపటికి అంకె వచ్చింది. గుడ్డ తీస్తే, చుట్టూ ఉన్న వేడికి మళ్ళీ పోయింది.

"దొరికింది. లోపల సన్నతీగ తెగింది. చల్లగా ఉంటే కొసలు కలుస్తాయి, వేడెక్కితే విడిపోతాయి" అని, ఆగి, ముఖం చిట్లించి ఇంకా లోపలికి తొంగి చూసింది. "కానీ ఇది ఊరికే పోయేది కాదు. దీన్ని ఏదో కాల్చింది."

కొత్త పొగగొట్టం సెన్సరు పక్కనుంచే పోతోంది. జానెడు దూరం కూడా లేదు. కుడివైపు కొత్త ముళ్ళు ఎందుకు పడ్డాయో తెలిసింది. గొట్టం పట్టడానికి వైర్లు విప్పి పక్కకి జరిపాడు.

"ఈ గొట్టం ఎందుకు మార్చాడు?"

టైలరమ్మ చెప్పలేనట్టు కాసేపు గుండుసూదుల్ని సర్దుకుంది. "చప్పుడు పెంచితే ఒంటికైనా తెలుస్తుందని. అది బిగించిన రోజు బానెట్టు మీద ఛాతీ ఆనించి పడుకున్నాడమ్మా. వీధంతా చూస్తుంటే నేను లోపలికి పొమ్మని తిట్టాను. వినబడలేదు."

చిన్నమేస్త్రి మీటరు తీగలు చుట్టసాగింది. చుట్టింది విప్పి మళ్ళీ చుట్టింది.

"నా గురించి మీకెవరు చెప్పారు?" అంది చివరికి.

"వాడే. అయితే నాకు కాదు. చెవులు పోయాక తన గొంతు ఎంత పెద్దగా ఉందో వాడికి తెలీదు కదా. మనసులో అనుకుంటున్నాననుకుని పైకే అనేస్తాడు. మొన్న బండి ఆగినప్పుడు చక్రం మీద ఒక్క తన్ను తన్ని, చిన్నమేస్త్రి అయితే ఈపాటికి పట్టేసేది అన్నాడు. ఇంట్లో నేను విన్నాను, ఎదురింటివాళ్ళు విన్నారు. ఆ తర్వాత కూడా అన్నాడు. అవి బండి సంగతులు కావులే." ఆవిడ కళ్ళు దించుకుంది. "అప్పుడు వెతుక్కుంటూ వచ్చాను."

చిన్నమేస్త్రి ఆ మిగతావి ఏమిటని అడగలేదు. అడగాలనే కోరిక ఎంత గట్టిగా ఉందంటే, వీధి చివరున్న విడిభాగాల దుకాణానికి పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది.

ఏ సెన్సరు కావాలో ఆ ఇంజను పుస్తకంలో దొరకదు. ఈ చిన్న కారులో అసలు సెన్సరు ఉండాల్సిన చోట కారు రేకుగోడ అడ్డం వస్తే, పాముచెవి దాన్ని ముందుకి మార్చి, చేత్తో రేకు కోసి పట్టీ చేశాడు. ఆ పట్టీకి సరిపోయే పొడవు ముక్కున్న సెన్సరు కోసం ఇద్దరూ ఒక రోజంతా పాత సామాన్ల గుట్ట మీద తిరిగారు. చివరికి సరుకులు మోసే వ్యాను ఇంజన్లో దొరికింది. అదే కావాలని దుకాణంలో అడిగి తెచ్చింది.

పాతది ఊడిరావడానికి కాస్త సతాయించింది. వేడికి పట్టీలోనే కరుచుకుపోయింది. నూనె వేసి, అటూ ఇటూ ఊపి, బతిమాలి బయటికి లాగింది. కొత్తది పెట్టి, దాని ముక్కుకీ పళ్ళచక్రానికీ మధ్య సన్నటి ఉక్కురేకు దూర్చి, రేకు కొంచెం పట్టుకుని జారేంత సందు ఉంచి బోల్టు బిగించింది. తర్వాత రెండు వైర్లూ అటుది ఇటూ, ఇటుది అటూ మార్చింది. వ్యానులో ఉన్న వరసలో పెడితే పళ్ళ లెక్క తప్పుతుంది, నిప్పు వేళకాని వేళలో పడుతుంది. మొదటిసారి ఆ సంగతి తెలీక స్టార్టు చేస్తే ఇంజను ఎదురుతన్ని, గాలిగొట్టంలోంచి మంట ఎగిరి పాముచెవి కనుబొమ్మ ఒకటి సగం మాడిపోయింది. వారమంతా ఒకటిన్నర కనుబొమ్మతో తిరిగాడు. పెద్దమేస్త్రి ఎదురుపడినప్పుడల్లా నుదురు గోక్కుంటున్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు.

గుర్తొచ్చి నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళు చెమర్చాయి. ఇంజన్లోకి వంగి ఉంది కనక ఎవరికీ కనబడలేదు. వైర్లని పొగగొట్టానికి దూరంగా తిప్పి, వేడి ఆపే తొడుగు వేసి, దారం తీసి తన ముడి తను వేసుకుంది. అతని ముళ్ళ పక్కన.

తాళంచెవి తిప్పేసరికి ఇంజను గట్టిగా అందుకుంది. మేడమీద కిటికీ తెరుచుకుంది.

నడుము పట్టేసినప్పటినుంచి పెద్దమేస్త్రి మెట్లు దిగడం తగ్గించాడు. ఇప్పుడు గోడ పట్టుకుని దిగి వచ్చాడు. కారు ముందు నిలబడి చూశాడు.

"గొట్టం మార్చాడు వెధవ. గొంతు పాడుచేశాడు." చుట్టూ చూశాడు. "ఏడి?"

"రాలేదు నాన్నా. వాళ్ళక్కగారు తెచ్చారు."

"నా ముఖం చూడాల్సొస్తుందని రాలేదా?"

చిన్నమేస్త్రి చెప్పింది. తక్కువ మాటల్లోనే చెప్పింది. పెద్దమేస్త్రి వింటూ వింటూ పక్కనున్న టైర్ల దొంతర మీద కూర్చున్నాడు.

"ఆ పేరు పెట్టింది నేను" అన్నాడు. "ముద్దుకే పెట్టాను. కోపమొచ్చినప్పుడు కూడా ఆ పేరుతోనే తిట్టాను."

టైలరమ్మ ఏదో ఓదార్పు మాట చెప్పబోయింది. ఆయన చెయ్యి ఊపి వద్దన్నాడు. లేచి, బానెట్టు తనే దించి, అరచేత్తో నొక్కి మూశాడు.

"వేడెక్కితే ఆగే బండిని షెడ్డులో నిలబెట్టి బాగైందని చెప్పకూడదు. దూరం తిప్పుకురా" అన్నాడు కూతురితో. "ఎంత దూరమైనా సరే. నేను షెడ్డు చూసుకుంటాను."

ఊరి అంచుదాకా టైలరమ్మ దారి చెబుతూనే ఉంది. ఎండ మండిపోతోంది. ముల్లు ఎక్కడా పడలేదు. ఎత్తు ఎక్కేటప్పుడు కూడా ఇంజను తడబడలేదు. చిన్నమేస్త్రికి మాత్రం ప్రతి మలుపు దగ్గరా గుండె లయ తప్పింది. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు ఈ కారులో కూర్చున్నట్టు ఊహించుకుందో లెక్కలేదు. ఊహల్లో ఎప్పుడూ ఆమె పక్కసీట్లోనే ఉండేది.

"నేను తెచ్చింది బండి ఒక్కటే కాదమ్మా" అంది టైలరమ్మ ఉన్నట్టుండి.

"మరి?"

"ఆపరేషన్ చేసి చెవి వెనక ఒక పరికరం పెడతారట. పెడితే వినబడుతుందట. మునుపట్లా కాదట, మొదట్లో రేకుడబ్బాలో మాట్లాడినట్టు ఉంటుందట. అది విన్నాడో లేదో వద్దనేశాడు. ఇంజన్ని అలా వినేకంటే వినకపోవడమే నయం అన్నాడు. డాక్టరేమో ఆలస్యం చేస్తే లోపల ఎముక గట్టిపడిపోతుంది, ఆ తర్వాత పెట్టడం కష్టం అంటున్నాడు. నేను చెప్పాను, మా ఆయన చెప్పాడు. కళ్ళు మూసుకుంటాడు. కళ్ళు మూసుకుంటే ఇక వాడికి ఏం చెప్పినా ఒకటే." ఆవిడ చిన్నమేస్త్రి వైపు తిరిగింది. "నువ్వు చెబితే ఒప్పుకుంటాడు."

చిన్నమేస్త్రి కారుని రోడ్డు పక్కకి తీసి ఆపింది. ఇంజను మాత్రం ఆపలేదు.

"అందుకా వచ్చారు?"

"అందుకే. తప్పయితే తిట్టు."

"నేను ఆయనకి ఏమవుతానని చెప్పను? ఇన్నేళ్ళు ఎలా ఉన్నావని అడగని మనిషిని, ఇవాళ వచ్చి తల కోయించుకో అని చెప్పనా? ఒప్పుకుంటే, ఆ రేకుడబ్బా గొంతులు విన్నంతకాలం నన్ను తిట్టుకోడూ?"

"ఒప్పుకోకపోతే?" అంది టైలరమ్మ.

చిన్నమేస్త్రికి కోపం వచ్చిన మాట నిజమే. ఆ కోపం కింద, తనని చూడగానే అతని ముఖం ఎలా మారుతుందో చూడాలనే ఆశ సిగ్గులేకుండా కూర్చుని ఉంది. గేరు వేసింది.

ఇంటి వెనక రేకుల వరండాలో పాముచెవి బల్ల మీద ఏదో ఇనుపముక్క ఆకురాయితో రాస్తున్నాడు. వీపు ఇటువైపు ఉంది. సన్నబడ్డాడు. కారు వరండా పక్కకి వచ్చి ఆగినా తల తిప్పలేదు. పిలవబోయి, చిన్నమేస్త్రి నోరు మూసుకుంది. ఏమని పిలిచినా అందదు.

అంతలో అతని చెయ్యి ఆగింది. ఆకురాయి పక్కన పెట్టాడు. రెండు అరచేతులూ బల్ల మీద పరిచి ఆనించాడు. ఇంజను అదురు నేలలోంచి బల్లలోకి, బల్లలోంచి చేతుల్లోకి వెళ్తోంది. తల ఒక పక్కకి వంచాడు. పూర్వం వినేటప్పుడు అలాగే వంచేవాడు.

"అక్కా" అన్నాడు వెనక్కి తిరగకుండానే. ఆ గొంతు వరండాకి చాలా పెద్దది. "ఎక్కడా తప్పడం లేదు. ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

టైలరమ్మ కారులోంచి దిగలేదు. వెళ్ళమన్నట్టు చిన్నమేస్త్రి మోచెయ్యి నెట్టింది.

ఆమె వెళ్ళి అతని ఎదుట నిలబడింది. పాముచెవి ముందు ఆమె చేతులు చూశాడు, గోళ్ళలో మసి చూశాడు. ఆ తర్వాతే ముఖం చూశాడు. అతని ముఖంలో వెలుగొచ్చింది. ఆమె ఇన్నేళ్ళు ఎదురుచూసిన వెలుగు. అది ఎంతోసేపు నిలవలేదు. అతని చూపు కారులో ఉన్న అక్క మీదికి పోయి, అక్క కళ్ళు తిప్పుకోవడం గమనించి తిరిగి వచ్చింది.

"అక్క తీసుకొచ్చిందా?" అన్నాడు. ఈసారి గొంతు తగ్గించాలని చూశాడు. మరీ తగ్గి గాలిలా వచ్చింది. "ఆపరేషన్ చేయించుకోమని చెప్పడానికే వచ్చుంటే, ఇటునుంచి ఇటే వెళ్ళిపో. బండి చూడ్డానికి వచ్చుంటే కూర్చో. బండి గురించి ఎంతసేపైనా మాట్లాడుకుందాం."

కాలితో స్టూలు ఆమెవైపు జరిపాడు.

కూర్చోవడం తేలిక. కూర్చుంటే సాయంత్రం దాకా సెన్సరు గురించి, పొగగొట్టం గురించి చెప్పుకోవచ్చు. కారులో టైలరమ్మ తల వంచుకుని కూర్చుంది. చిన్నమేస్త్రి స్టూలు వైపు ఒకసారి, కారు వైపు ఒకసారి చూసింది. తర్వాత తన పెదవులు అతనికి బాగా కనబడేలా ముఖం వెలుగువైపు తిప్పుకుంది.

"ఆ రెండింటికీ రాలేదు" అంది, ఒక్కో మాటా విడివిడిగా.

పాముచెవి ఆమె పెదవుల్నే చూస్తున్నాడు. చదివింది సరిగ్గా చదివానా అన్నట్టు కళ్ళు చిట్లించాడు. అతని చెయ్యి బల్ల మీదనుంచి లేచి, గాలిలో ఆగింది.

"మరెందుకు వచ్చావ్?"